అయోడిన్ 5% అంటే దేంట్లో 5? లుగోల్, టించరు, పొవిడోన్ శాతాల లెక్క

ల్యాబ్_తిరుపతి · సోమవారం ఉదయం 9:12

ప్రాక్టికల్స్‌కు మూడు ద్రావణాలు కావాలి. పిండిపదార్థం పరీక్షకు పలుచనిది, గ్రామ్ స్టెయినింగ్‌కు (రంగులద్ది బాక్టీరియాను రెండు రకాలుగా విడదీసే పద్ధతి) ఒకటి, స్టాకు పెట్టుకోను 5% లుగోల్ (నీళ్లలో చేసే అయోడిన్ ద్రావణం). ముందు లుగోల్ మొదలుపెట్టినాం. 5 గ్రాముల అయోడిన్ పలుకులు తూచి 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో వేసి కలిపితే గంటైనా కరగలేదు. నీళ్లు పలుచని టీ రంగుకొచ్చినాయి, పలుకులు మాత్రం బీకరు అడుగునే ఉన్నాయి. పైగా ఒక పాత నోట్సులో ఇదే లుగోల్‌ను 15% అని రాసుంది. తప్పు యాడ జరిగింది? ఈ శాతం అసలు దేనికి శాతం?

---

కొలజాడీ · 9:40

రెండు ప్రశ్నలు కలిసిపోయినాయి. కరగకపోవడం వేరు, శాతం వేరు. ముందు కరగడం సంగతి చూద్దాం.

వట్టి నీళ్లలో అయోడిన్ దాదాపు కరగదనే చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లకు 0.3 గ్రాముల చిల్లర, అంతే. ఆ లెక్కన మీ 5 గ్రాములు కరగాలంటే సుమారు పదిహేను లీటర్ల నీళ్లు కావాలి. 100 మి.లీ.లో కరిగింది 0.03 గ్రాములు. ఆ టీ రంగంతా దానిదే.

అందుకే పొటాషియం అయోడైడ్ (ఇకమీద కేఐ అంటాను). అయోడైడ్ అయాన్ అయోడిన్ అణువును పట్టుకుని ట్రైఅయోడైడ్‌గా మారుతుంది. నీళ్లలో కరిగేది ఆ ట్రైఅయోడైడే. కేఐ రుచికో, నిల్వకో వేసేది కాదు, అది లేకపోతే ద్రావణమే లేదు.

100 మి.లీ. 5% లుగోల్‌కు:

కేఐ 10 గ్రా. చిన్న బీకరులో వేసి 10–15 మి.లీ. నీళ్లే పోయండి. బీకరు చేతికి చల్లగా తగులుతుంది, కేఐ కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది, అంతే, కంగారు పడొద్దు. ఈ చిక్కటి కేఐ నీళ్లలో 5 గ్రా. అయోడిన్ వేసి గాజు కడ్డీతో తిప్పండి. పలుకుల చుట్టూ ముదురు ఎరుపు తీగలు సాగి, కొన్ని నిమిషాల్లో మొత్తం కరిగిపోతుంది. బీకరును దీపానికి అడ్డం పెట్టి అడుగున ఒక్క పలుకూ లేదని చూసుకున్నాకే 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులోకి వంచి, బీకరు కడిగిన నీళ్లు కూడా అందులోనే పోసి, గీత దాకా నింపాలి.

చాలామంది జారేది ఇక్కడే. కేఐని మొత్తం 100 మి.లీ.లో కరిగించి తరువాత అయోడిన్ వేస్తారు. అదీ కరుగుతుంది గానీ చాలాసేపు కలుపుతూ ఉండాలి. కేఐ ఎంత చిక్కగా ఉంటే అయోడిన్ అంత త్వరగా లోపలికి పోతుంది. గీత దాకా నీళ్లు పోయడం చివరి పని, మొదటిది కాదు.

---

మందుల_చీటీ · 10:05

శాతం సంగతి నేను చెప్తాను, మందుల షాపులో రోజూ వచ్చే గొడవే ఇది.

శాతం మూడు రకాలు. బరువులో బరువు: 100 గ్రాముల మిశ్రమంలో ఎన్ని గ్రాములు. ఘనపరిమాణంలో బరువు: 100 మి.లీ. ద్రావణంలో ఎన్ని గ్రాములు. ఘనపరిమాణంలో ఘనపరిమాణం: 100 మి.లీ.లో ఎన్ని మి.లీ. ఘనపదార్థాన్ని ద్రవంలో కరిగించి ఊరికే శాతం అని రాస్తే రెండోదిగా చదవాలి. లుగోల్ 5% అంటే 100 మి.లీ. తయారైన ద్రావణంలో 5 గ్రా. అయోడిన్. "100 మి.లీ. నీళ్లకు" అని ఎక్కడా లేదు.

టించరు (స్పిరిట్‌లో కరిగించిన అయోడిన్) సీసాలో రెండు రకాలూ ఒకే లేబుల్ మీద ఉంటాయి. అయోడిన్ 2% అంటే 100 మి.లీ.లో 2 గ్రా. ఆల్కహాల్ 50% అంటే 100 మి.లీ.లో 50 మి.లీ. గుర్తు ఒకటే, లెక్కలు వేరు.

మీ నోట్సులో 15% ఎవరో 5 గ్రా. అయోడిన్, 10 గ్రా. కేఐ రెండూ కూడి రాసింది. కూడిక తప్పు కాదు, పేరు తప్పు. లుగోల్ శాతమంటే విడి అయోడిన్ శాతమే.

ఇంకో రకం కూడిక కూడా ఉంది. కేఐలో బరువుకు 76.4% అయోడిన్ మూలకమే. 5% లుగోల్ 1 మి.లీ.లో విడి అయోడిన్ 50 మి.గ్రా., కేఐ 100 మి.గ్రా. ఆ కేఐ నుంచి 76.4 మి.గ్రా. అయోడైడ్. మొత్తం 126.4 మి.గ్రా. థైరాయిడ్ వైద్యంలో మోతాదు ఈ మొత్తం మీద చూస్తారు. ల్యాబులో రంగుకు, టైట్రేషన్‌కు (ఇంకో ద్రావణం చుక్కచుక్కగా కలిపి బలం కొలవడానికి) పనికొచ్చేది 50 మి.గ్రా. మాత్రమే. అదే సీసా, అదే చుక్క, ఎవరు అడుగుతున్నారనేదాన్ని బట్టి 50, లేదా 126. ల్యాబులో చేసింది నోట్లోకి పోయే మందు కాదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నా.

---

ల్యాబ్_తిరుపతి · 10:31

అర్థమైంది. ఇప్పుడు ఆ కరగని బీకరు పారబోయాల్నా? దాంట్లోనే 10 గ్రా. కేఐ వేస్తే సరిపోదా?

---

కొలజాడీ · 10:38

పారబోయొద్దు, అయోడిన్ ధర అందుకు ఒప్పుకోదు. కేఐ వేసి మూతపెట్టి కలపండి, అరగంట పట్టినా కరుగుతుంది. కాకపోతే అది సరిగ్గా 5% కాదు. 100 మి.లీ. నీళ్లలో 15 గ్రా. ఘనపదార్థం కలిసేసరికి మొత్తం సుమారు 104 మి.లీ. అవుతుంది. 5 గ్రాములు 104 మి.లీ.లో అంటే 4.8%. పరీక్షలకు ఆ తేడా లెక్కలోకి రాదు, స్టాకు సీసా మీద 5% అని రాయడానికి మాత్రం రాదు.

పలుచని ద్రావణాల్లో ఈ తేడా కంటికి ఆనదు. 0.3 గ్రా. వేస్తే 100 మి.లీ. 100గానే ఉంటుంది. చిక్కనయ్యే కొద్దీ తేడా బయటపడుతుంది.

---

ఊదారంగు · 11:02

ఇంత తతంగం ఎందుకండీ, స్టవ్ మీద కొంచెం వేడి చేస్తే కరిగిపోతుంది కదా.

---

టైట్రేషన్_తాత · 11:20

మీ పేరే సమాధానం చెప్తాంది నాయనా. వేడి చేస్తే ఊదారంగు పొగ పైకి పోతుంది. అయోడిన్ 113.7 డిగ్రీలకు కరుగుతుంది గానీ అంతకు చాలా ముందే గది వేడికే ఆవిరౌతా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి గదిలో మూతలేని బీకరు పెడితే చాలు, పక్కనున్న తెల్ల కాగితం పసుపు పడుతుంది. వేడి చేసి 5% చేస్తే చివరకు మిగిలేది ఎంతో ఎవరికీ తెలియదు. పీల్చినవాళ్ల గొంతూ కళ్లూ మండేది అదనం.

తూకం దగ్గర కూడా అదే జాగ్రత్త. కాగితం మీద తూచొద్దు, కాగితం తినేస్తుంది. బ్యాలెన్స్ పళ్లెం మీద నేరుగా అసలే వద్దు, లోహం మీద మచ్చలు పడి తుప్పు పడుతుంది. మూతున్న గాజు తూకపు సీసా మంచిది, లేకపోతే వాచ్ గ్లాస్. తీసేది గాజుతోనో ప్లాస్టిక్‌తోనో. అల్యూమినియం పొడి, అల్యూమినియం రేకు దగ్గర్లో ఉండకూడదు. అయోడిన్‌తో కలిసి ఒక చుక్క నీరు తగిలితే మంట లేచేంత వేడి పుడుతుంది. అమోనియా అయితే ఇంకా ఘోరం. ఆ రెండూ కలిసి ఆరితే ముట్టుకుంటే పేలే పదార్థం తయారౌతుంది. అయోడిన్ కారిన చోటును అమోనియా ఉన్న క్లీనరుతో తుడవొద్దు. మరకకు హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, 5% నీళ్లు చాలు. బట్ట మీదైనా బల్ల మీదైనా కళ్ల ముందే తెల్లబడుతుంది. అది లేకపోతే విటమిన్ సి మాత్ర పొడి నీళ్లలో.

ఇక కేఐ నిష్పత్తి. లెక్క ప్రకారం 253.8 గ్రా. అయోడిన్‌కు 166 గ్రా. కేఐ, అంటే గ్రాముకు 0.65 గ్రా. చాలు. కానీ ఆ చర్య అటూ ఇటూ నడిచేది. కొంత అయోడిన్ ఎప్పుడూ విడిగానే ఉంటుంది. ఆ విడి భాగం 0.03% దాటితే పలుకులుగా కిందికి దిగుతుంది. అందుకే రెట్టింపు బరువు, అంటే 1కి 2 వేస్తారు. కేఐ ఖరీదని 1కి 1 వేసి 5% చేయబోతే అడుగున నల్ల మడ్డి మిగులుతుంది. దాన్ని వడపోసి 'ద్రావణం తేటగా వచ్చింది' అని సంబరపడేవాళ్లున్నారు. వడపోత కాగితం మీద మిగిలిందే మీ శాతం.

---

సూక్ష్మం · 11:58

గ్రామ్ అయోడిన్‌కు వేరే తయారీ అక్కర్లేదు. దాని నిష్పత్తి అయోడిన్ 1 గ్రా., కేఐ 2 గ్రా., నీళ్లు 300 మి.లీ. లుగోల్ కూడా 1కి 2 నిష్పత్తే. 5, 10, 1500 అని రాసి చూడండి. లుగోల్‌ను సరిగ్గా 15 రెట్లు పలుచన చేస్తే గ్రామ్ అయోడిన్. 20 మి.లీ. లుగోల్ తీసి 300 మి.లీ. దాకా నీళ్లు. శాతంలో 0.33.

చిన్న ముచ్చట: లుగోల్ అనే ఫ్రెంచి వైద్యుడు తన ద్రావణం చెప్పింది 1829లో. గ్రామ్ తన రంగుల పద్ధతి బయటపెట్టింది 1884లో. స్లయిడు మీద అయోడిన్ ఒక నిమిషం ఉంచాలి. పాతబడి పసుపుకు తిరిగిన గ్రామ్ అయోడిన్ వాడితే క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగును పట్టి ఉంచదు, ఊదాగా కనిపించాల్సిన పాజిటివ్ క్రిములు గులాబీగా కనిపించి నెగటివ్ అని రాసేస్తారు. తప్పు రంగు కడిగే ఆల్కహాల్ మీదికి పోతుంది, అసలు దొంగ అయోడిన్ సీసా.

---

ల్యాబ్_తిరుపతి · 12:15

పలుచన సూత్రం ఒకసారి రాస్తారా? పిండిపదార్థం పరీక్షకు ఎంత శాతం?

---

సూక్ష్మం · 12:24

కావలసిన శాతం × కావలసిన మి.లీ. ÷ చేతిలో ఉన్న శాతం = తీయాల్సిన మి.లీ.

పిండిపదార్థానికి 0.3% చాలు. 0.3 × 100 ÷ 5 = 6. లుగోల్ 6 మి.లీ. తీసి 100 మి.లీ. దాకా నీళ్లు. 100 మి.లీ. నీళ్లలో 6 మి.లీ. పోస్తే 106 మి.లీ. అవుతుంది, 0.28% వస్తుంది. మళ్లీ అదే గుంత.

5%ని నేరుగా ఆకు మీద, బంగాళాదుంప ముక్క మీద వేయొద్దు. ముదురు గోధుమరంగు అంతా కప్పేసి పిండి ఉన్నచోటా లేనిచోటా ఒకటే నలుపు కనిపిస్తుంది. పిల్లలు 'పాజిటివ్' అని రాస్తారు. పలుచనిదైతే పిండి ఉన్నచోట నీలం, లేనిచోట లేత పసుపు, తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

---

పాలకేంద్రం_పీలేరు · మధ్యాహ్నం 1:10

పాలలో పిండి కలిపినారా అని చూసేదానికి మేము టించరు వాడతాం. కొన్ని శాంపిళ్లు పిండి ఉందని తెలిసినా నీలం రావడం లేదు. శాతం తక్కువైందా?

రెండోది, ఆవుల చనుమొనలు ముంచేదానికి 0.5% అయోడిన్ కావాలన్నారు. షాపులో 10% పొవిడోన్ అయోడిన్ ఉంది. 20 రెట్లు పలుచన చేస్తే 0.5 కదా?

---

మందుల_చీటీ · 1:32

రెండోదానికి ముందు చెప్తాను, ఎందుకంటే అది తప్పు. 20 రెట్లు చేయొద్దన్నా.

పొవిడోన్ అయోడిన్ 10% అంటే 100 మి.లీ.లో 10 గ్రా. పొవిడోన్-అయోడిన్ అనే సమ్మేళనం. అందులో ఎక్కువ భాగం పొవిడోన్ అనే పాలిమరు. పనిచేసే అయోడిన్, అంటే లేబుల్ మీద 'అవైలబుల్ అయోడిన్' అని రాసేది, దాంట్లో సుమారు పదో వంతు. కాబట్టి 10% సీసాలో ఉన్నది 1%. 5% సీసాలో 0.5%. చేతులు కడిగే 7.5% స్క్రబ్‌లో 0.75%.

మీకు 0.5% అవైలబుల్ అయోడిన్ కావాలి. 1% నుంచి 0.5% అంటే రెట్టింపు పలుచనే. 10% సీసా 50 మి.లీ. తీసి మొత్తం 100 మి.లీ. చేయాలి. మీరనుకున్నట్టు 20 రెట్లు చేస్తే 0.05% వస్తుంది, కావలసినదాంట్లో పదో వంతు. పొదుగు వాపు వచ్చినాక మందు పని చేయలేదంటారు.

వట్టి నీళ్లతో చేస్తే చనుమొన ఆరి పగులుతుంది. 100 మి.లీ.లో ఒక 10 మి.లీ. గ్లిజరిన్ పోయేటట్టు చూసుకోండి: పొవిడోన్ 50, గ్లిజరిన్ 10, మిగతాది నీళ్లు. ఏరోజుది ఆరోజు కలుపుకోండి. టీట్ డిప్ అనే తయారీ సీసా దొరికితే అదే మేలు. పశువైద్యుని ఒక మాట అడిగి మొదలుపెట్టండి. లుగోల్ గానీ టించరు గానీ చనుమొనలకు వద్దు, అక్కడి అయోడిన్ అంతా విడిగా ఉంటుంది, చర్మం కాలుతుంది.

కొన్ని సీసాల మీద శాతం కాకుండా పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉంటుంది. 1% అంటే 1 మి.లీ.లో 10 మి.గ్రా., అంటే 10,000 పీపీఎం. 0.5% అంటే 5,000.

---

టైట్రేషన్_తాత · 1:50

పాల సంగతి. శాతం కాదబ్బా, పాలు వేడిగా ఉండుంటాయి. పిండి-అయోడిన్ నీలం వేడికి నిలవదు. వేడి పరీక్షనాళికలో రంగు మాయమై, చల్లారితే తిరిగొస్తుంది. అనుమానముంటే అదే నాళికను కుళాయి కింద పట్టుకోండి.

సరైన వరుస: 2–3 మి.లీ. పాలు, 5 మి.లీ. నీళ్లు, బాగా మరిగించాలి. మరిగిస్తేనే పిండి రవ్వలు ఉబ్బి విచ్చుకుంటాయి, పచ్చిపిండి సరిగా రంగివ్వదు. తరువాత పూర్తిగా చల్లార్చి 2–3 చుక్కల అయోడిన్. నీలం వస్తే పిండి ఉన్నట్టు.

ఒక్క చుక్కతో ఆపొద్దు. పాలలో ప్రొటీన్లు కూడా కొంత అయోడిన్ పట్టుకుంటాయి, మొదటి చుక్క రంగు పోవచ్చు. పది చుక్కలూ వద్దు. అన్నట్టు ఈ పరీక్షకు పిండి మాత్రమే దొరుకుతుంది. చక్కెర, గ్లూకోజు, యూరియా కలిపితే అయోడిన్ మాట్లాడదు.

---

దామలచెరువు_తోట · 2:25

తోతాపురి పక్వం చూసేదానికి కాయ కోసి అయోడిన్ పూస్తారు కదా, దానికీ 0.3% లుగోలేనా? సాయంత్రానికి ద్రావణం రంగు వెలిసిపోతాంది.

---

సూక్ష్మం · 2:47

దానికి కేఐ కాస్త ఎక్కువుంటే మంచిది. యాపిల్‌కు వాడే ద్రావణమే మామిడికీ నడుస్తుంది: లీటరుకు కేఐ 8.8 గ్రా., అయోడిన్ 2.2 గ్రా. అంటే 0.22%, నిష్పత్తి 1కి 4. కేఐని 30 మి.లీ. గోరువెచ్చని నీళ్లలో కరిగించి, చల్లారినాక అయోడిన్ వేసి, పూర్తిగా కరిగినాక లీటరు దాకా. కాయను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని పళ్లెంలో పోసిన ద్రావణంలో ఒక నిమిషం ఉంచి తీయండి. పచ్చికాయ ముఖమంతా నలుపు తిరుగుతుంది. పక్వానికొచ్చే కొద్దీ పిండి చక్కెరగా మారి, నలుపు తగ్గి కండ రంగు బయటపడుతుంది.

రంగు వెలిసేది ఎండకే కాదు. పచ్చి మామిడిలో విటమిన్ సి ఉంటుంది, అది అయోడిన్‌ను అయోడైడ్‌గా మార్చేస్తుంది, అయోడైడ్‌కు రంగు లేదు. రసం పళ్లెంలోకి కారే కొద్దీ శాతం పడిపోతుంది. ముప్పయ్యో కాయ 'పండింది' అని చూపిస్తే నమ్మొద్దు, కాయ కాదు ద్రావణం పండింది. పళ్లెంలో కొంచెమే పోసుకుని మార్చుతుండండి. రంగు పూసిన కాయలు పల్ప్ బుట్టలోకి పోకుండా చూడండి.

---

ఊదారంగు · 3:05

మంచిది, వేడి మాట వెనక్కి తీసుకున్నా. స్పిరిట్‌లో అయోడిన్ నేరుగా కరుగుతుంది కదా, టించరులో మళ్లీ కేఐ ఎందుకు?

---

మందుల_చీటీ · 3:28

మంచి ప్రశ్న. ఆల్కహాల్‌లో బాగానే కరుగుతుంది. కానీ తడి గాయానికి తగిలినా, నీళ్లు కలిపినా ఆల్కహాల్ పలుచనై అయోడిన్ పలుకులుగా బయటపడుతుంది. ఇంకోటి, కేఐ లేకుండా నిల్వ ఉంచితే అయోడిన్ నిదానంగా ఆల్కహాల్‌తో, నీటితో చర్య జరిపి ఆమ్లంగా మారి బలం తగ్గుతుంది. కేఐ ఆ పోకను నెమ్మదింపజేస్తుంది.

2% టించరు 100 మి.లీ.కి: అయోడిన్ 2 గ్రా., కేఐ 2.5 గ్రా. రెండింటినీ 2–3 మి.లీ. నీళ్లలో కరిగించి, 50% ఆల్కహాల్‌తో 100 మి.లీ. దాకా. ఆ 50% ఆల్కహాల్ చేసేటప్పుడు 50 మి.లీ. ఆల్కహాల్, 50 మి.లీ. నీళ్లు పోస్తే 100 రాదు, 96–97 దగ్గర ఆగుతుంది. రెండూ కలిస్తే కుంచించుకుంటాయి. అందుకే ఇక్కడా 'దాకా' అనే మాటే ముఖ్యం.

అసిటోన్ కలిపిన డీనేచర్డ్ స్పిరిట్ వాడొద్దు. అయోడిన్ అసిటోన్‌తో కలిసి కళ్లు మండించే పదార్థం పుడుతుంది.

10% స్ట్రాంగ్ టించరులో కేఐ 6% మాత్రమే. దాన్ని వట్టి నీళ్లతో పలుచన చేస్తే నల్ల మడ్డి ఖాయం. పలుచన చేయక తప్పకపోతే కేఐ నీళ్లతో చేయండి.

---

వంటిల్లు_చిత్తూరు · 4:02

ఉప్పులో అయోడిన్ ఉందో లేదో ఈ గంజి పరీక్షతో తెలుస్తుందా?

---

సూక్ష్మం · 4:09

నేరుగా తెలియదక్కా. మన ఉప్పులో ఉండేది పొటాషియం అయోడేట్, అది గంజిని నీలం చేయదు. ఆమ్లమూ కేఐ కూడా చేరిస్తే అయోడిన్ విడుదలై నీలం వస్తుంది, ఉప్పు పరీక్ష కిట్లు చేసే పని అదే. మోతాదు కూడా చాలా తక్కువ. వాడకందారు చేతికొచ్చేసరికి ఉండాల్సింది కనీసం 15 పీపీఎం, అంటే 0.0015%.

---

ల్యాబ్_తిరుపతి · మంగళవారం ఉదయం 10:20

ఆ పాత బీకరులోనే 10 గ్రా. కేఐ వేసినాం, మొత్తం కరిగింది. కొలజాడీలో చూస్తే 104 మి.లీ. శాతం ఎంతో హైపోతో చూడొచ్చా? 0.1 నార్మల్ (ఇది గాఢత కొలత) హైపో ఉంది, డైక్రోమేట్‌తో స్టాండర్డైజ్ చేసిందే, అంటే అసలు బలం తేల్చిందే.

---

టైట్రేషన్_తాత · 10:41

భేషుగ్గా చూడొచ్చు. 5 మి.లీ. లుగోల్ పిపెట్‌తో తీయండి. రబ్బరు బల్బుతోనే, నోటితో లాగొద్దు. కోనికల్ ఫ్లాస్కులో పోసి 50 మి.లీ. దాకా నీళ్లు కలిపి హైపో వదలండి. ముదురు ఎరుపు, తేనె రంగు, ఆనక గడ్డి రంగుకొచ్చేదాకా గంజి వేయొద్దు. ముందే వేస్తే గంజి అయోడిన్‌ను గట్టిగా పట్టుకుని ముగింపు ఆలస్యంగా వస్తుంది. లేత గడ్డి రంగు దగ్గర 1 మి.లీ. 1% గంజి వేయండి, నీలం వస్తుంది. ఒక్కో చుక్క వేస్తూ నీలం పోయిన చోట ఆపండి. కాసేపటికి తిరిగి నీలం వస్తే పట్టించుకోవద్దు, అది గాలి పని.

1 మి.లీ. 0.1 నార్మల్ హైపో 12.69 మి.గ్రా. అయోడిన్‌కు సమానం. ద్రావణం నికరంగా 5% అయితే 5 మి.లీ.లో 250 మి.గ్రా., బ్యూరెట్ 19.7 చూపాలి.

---

ల్యాబ్_తిరుపతి · మధ్యాహ్నం 12:05

మూడుసార్లు చేసినాం. 18.8, 18.8, 18.9.

---

టైట్రేషన్_తాత · 12:18

18.8 తీసుకుందాం. 18.8 × 12.69 = 238.6 మి.గ్రా. దాన్ని 5తో భాగిస్తే 1 మి.లీ.కి 47.7 మి.గ్రా., అంటే 4.77%.

కొలజాడీ గారు 104 మి.లీ. లెక్కతో 4.8 చెప్పినారు కదా, కచ్చితంగా 4.81. ఆ పై తేడా మొదటిరోజు మూత లేకుండా కలిపిన గంట తిన్నది. 104 మి.లీ.లో ఇప్పుడున్నది 4.96 గ్రా. మీరు వేసింది 5. 0.04 గ్రా. గాలికి పోయింది.

---

కొలజాడీ · 12:30

సరిచేయడం తేలికే. టైట్రేషన్‌కు 15 మి.లీ. పోయింది కాబట్టి 89 మి.లీ. మిగిలుంటుంది. 5%కి అందులో ఉండాల్సింది 4.45 గ్రా., ఉన్నది 4.25. అయోడిన్ 0.20 గ్రా. కలపండి. కేఐ నిష్పత్తి చెడకుండా 0.35 గ్రా. అదీ వేయండి. ముందు కేఐని ఆ ద్రావణంలోనే కరిగించి తరువాత అయోడిన్. ఇంత చిన్న తూకానికి 0.01 గ్రా. చూపే బ్యాలెన్స్ కావాలి, గ్రాము గ్రాముకు దూకే కాటా మీద వద్దు.

గాజు మూత ఉన్న ముదురు గోధుమరంగు సీసాలో పోయండి, రబ్బరు బిరడా, బెండు బిరడా రెండూ అయోడిన్ తింటాయి. లేబుల్ మీద 'లుగోల్ 5%' అని ఒక్క ముక్క రాసి వదిలేయొద్దు. ఇలా రాయండి: 'అయోడిన్ 5 గ్రా., కేఐ 10 గ్రా., నీళ్లతో 100 మి.లీ. దాకా', కింద తేదీ, టైట్రేషన్ విలువ. ఫ్లాస్కులో మిగిలినదాన్ని హైపోతో రంగు పోగొట్టి సింకులో వదలండి.

---

ల్యాబ్_తిరుపతి · సాయంత్రం 4:47

0.20, 0.35 వేసి కలిపినాం. మళ్లీ 5 మి.లీ. తీసి చూస్తే 19.7. లేబుల్ రాసేసినాం, 'దాకా'తో సహా.